కాపలా లేని జెండా

బ్రనో ఊరి శివార్లు, పెట్రోలు బంకు దగ్గర
6 ఆగస్టు 2023, ఆదివారం

నోవి సోంచ్ జిల్లా స్కౌటు నాయకురాలు శ్రీమతి లూద్వికా గారికి,

స్టారి సోంచ్ బాలికా దళం మాజీ నాయకురాలు ఫెలిత్సియా మన స్కౌటు పలకరింపు ‘చువాయ్’ చెప్పి వ్రాయునది. మీరు, మీ వారు, కొత్తగా వేయించుకున్న మీ మోకాలు కుశలమని తలుస్తాను. ఇక్కడ నేను, పిల్లలు కుశలం. బస్సు మాత్రం కుశలంగా లేదు. రేడియేటరు కారిపోతోంది. డ్రైవరు జెనోన్ దాని కింద దూరి, పిల్లలు వినకూడని మాటలన్నీ వినిపిస్తున్నాడు. బాగయ్యేదాకా ఇక్కడే ఉండాలి కాబట్టి ఈ ఉత్తరం పొడుగ్గానే ఉంటుంది.

ఈ మర్యాద ఇక్కడితో చాలు లూద్వికా. చిన్నప్పటినుంచీ ‘ఏమే’ అని పిలుచుకున్నదాన్ని పట్టుకుని ‘మీరు’ అంటుంటే నాకే నవ్వొస్తోంది. కానీ ఉత్తరం మాత్రం స్నేహితురాలికి రాస్తున్నది కాదు, జిల్లా నాయకురాలికి రాస్తున్నది.

అంతర్జాతీయ శిబిరం నిర్వాహకుల ఫిర్యాదు ఈపాటికి నీ బల్ల మీదికి వచ్చే ఉంటుంది. మన దళం మాల్టా పిల్లల జెండా దొంగిలించిందనీ, అందుకని ముగింపుకి ముందే ఇంటికి పంపేశామనీ అందులో ఉంటుంది. దాన్నిబట్టి నువ్వు సెప్టెంబరులో నిర్ణయం చేస్తావు. దళాన్ని మా కలీనా చేతికి ఇవ్వడమా, లేక మూసేసి పిల్లల్ని నోవి సోంచ్ దళంలో కలిపేయడమా అని. మొన్నటిదాకా ఉన్న నాయకురాలు కాన్పుకి వెళ్లాక ఈ శిబిరమే కలీనాకి పరీక్ష అని నువ్వే అన్నావు. కాబట్టి పరీక్షలో ఏం జరిగిందో రెండో పక్కనుంచి కూడా విను. నేను అక్కడ ఉన్నది మనవరాలికి తోడుగా కాదు, స్వచ్ఛంద సేవకురాలిగా, విడిగా దరఖాస్తు పెట్టుకుని వెళ్లాను. ఎక్కడైనా అమ్మమ్మ మాట దొర్లినట్టు అనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేయి. బళ్లో లెక్కలు చెప్పిన రోజుల్లో నేను అదే చేసేదాన్ని.

ముందు నా ఉద్యోగం సంగతి. నేను అడిగింది సరుకుల గిడ్డంగి. ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినదాన్ని. మన దళానికి ఒక్క బంగాళాదుంప తేడా రాకుండా శిబిరాలు నడిపినదాన్ని. సోచా నది ఒడ్డున దిగీ దిగగానే టిలెన్ అనే కుర్రవాడు ఎదురొచ్చాడు. సేవకులందరికీ పనులు పంచేది అతనే, పాతికేళ్లుండవు. నా దరఖాస్తు చూడనైనా చూడకుండా నన్ను పోయిన సామాన్ల గుడారంలో కూర్చోబెట్టాడు. ఎందుకయ్యా అంటే, “అక్కడ నీడుంటుందండీ, మెత్త కుర్చీ కూడా ఉంది” అన్నాడు. నేను నీడ కోసం స్లోవేనియా దాకా వచ్చానా?

గంటకోసారి వచ్చి, వంగి, చెవిలో అరిచేవాడు. “దాహం వేస్తోందా అమ్మా?” నా చెవులకి ఏ లోటూ లేదని నీకు తెలుసు. మూడోసారి, “నాయనా, నాకు దాహం వేస్తే కాళ్లున్నాయి, కుళాయి ఉంది, నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు” అన్నాను. “ఎంత ముద్దుగా మాట్లాడుతున్నారో!” అని పక్కనున్న పిల్లతో చెప్పాడు. ఆ పిల్ల నన్ను ఫోటో తీసింది. ఈ వయసుకి నేను ముద్దొస్తున్నానట.

సరే, ఇచ్చిన పని చేద్దామని కూర్చున్నాను. వెళ్లేసరికి ఆ గుడారం సంతలా ఉంది. తడిసిన వానకోట్లు, ఒంటి చెప్పులు, స్కార్ఫులు, ఎవరిదో పంటి క్లిప్పు కూడా. అన్నిటినీ వేరు చేసి, కోట్లను తాడు మీద ఆరేసి, వస్తువు గుర్తులు చెబితేనే ఇస్తానని బోర్డు పెట్టాను. డచ్చి దళపతి ఒకాయన వచ్చి టార్చిలైటు తనదేనన్నాడు. రంగేమిటి అంటే, “నల్లదేమో” అన్నాడు. “ఏమో అన్నవాళ్లకి ఇవ్వడం కుదరదు” అన్నాను. గొణుక్కుంటూ వెళ్లి శిబిరాధికారిణి దరింకాకి చెప్పాడు. ఆవిడ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. “అడిగినవాళ్లకి ఇచ్చేయండమ్మా, ఎందుకు మీరింత శ్రమ పడటం?” అంది. శ్రమ! నేను చేస్తున్నది పని అని అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

ఇక కలీనా. దాని తప్పులు ముందు చెబుతాను. మొదటి రోజు పుల్లటి పిండి జావ మాడబెట్టింది. ఒక పిల్లకి జ్వరమొస్తే వైద్యుల గుడారానికి తీసుకెళ్లడంలో ఆలస్యం చేసింది. అది సరైన పని కాదని దాని మొహం మీదే చెప్పాను. “చూశాను, ఒప్పుకుంటున్నాను, ఇక వెళ్లు అమ్మమ్మా, ఇది నా దళం, నీ తరగతి గది కాదు” అంది. నాకు కోపం వచ్చింది. కానీ ఇంకెప్పుడూ మాడలేదు, ఆలస్యమూ జరగలేదు. పిల్లలు పొద్దున ఈలకి లేచేవారు. గుడారాల తాళ్లు బిగువుగా ఉండేవి. అన్నిటికంటే ముఖ్యం, మన జెండా దగ్గర ఎప్పుడూ ఒక పిల్ల కాపలా ఉండేది. భోజనాల వేళ కూడా ఒకరు తిని వచ్చాకే ఇంకొకరు వెళ్లేవారు. అంత పెద్ద శిబిరంలో జెండాకి కాపలా ఉన్నది మన ఒక్కరికే.

మిగతా దేశాలవాళ్లు జెండాని బట్టలారేసే కర్రలా పాతేసి వదిలేశారు. ఈతకి వెళ్లినా, పాటలకి వెళ్లినా అది ఒంటరిగా ఎగురుతూనే ఉండేది. అటువైపు వెళ్లినప్పుడల్లా నా ఒళ్లు మండేది. మన ‘చువాయ్’ పలకరింపుకి అర్థమేమిటని దరింకా ఒకసారి అడిగింది. “మెలకువగా ఉండు అని” అన్నాను. “ఎంత గంభీరంగా ఉందో” అని నవ్వింది.

ఫిర్యాదులో ఉండని విషయం ఇది, శ్రద్ధగా చదువు. ఓ సాయంత్రం మంట దగ్గర ఒక్కో దేశంవాళ్లు తమ ఆట ఒకటి చెప్పాలన్నారు. కలీనా లేచి మన జెండా ఆట చెప్పింది. కాపలా లేని దళం జెండాని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఆ కర్రకి ఒక దేవదారు కాయ కట్టి వెళ్లాలి. పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి అడగాలి. తీసినవాళ్లు ఏం చెయ్యమంటే అది చేసి, పాట పాడో, దుంపలు చెక్కు తీసో, విడిపించుకోవాలి. దేశం జెండాని మాత్రం ముట్టుకోకూడదు. అంతా చప్పట్లు కొట్టారు. మాల్టా దళపతి నజ్జరేనో మా పక్కనే ఉన్నాడు. “మా దగ్గర ఇలాంటివి లేవు, భలే ఉంది!” అన్నాడు. నువ్వే చెప్పు, మనలో మంట దగ్గర ఆట చెప్పాక ఎవరూ కాదనకపోతే ఆట మొదలైనట్టే కదా? మన చిన్నప్పటినుంచీ అంతే కదా? అక్కడ చప్పట్లంటే ఉత్త చప్పట్లేనట. అది మనలో ఎవరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం మాల్టా పిల్లలంతా నదికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి కర్ర ఖాళీగా ఉంది. దానికి దేవదారు కాయ కట్టి ఉంది. వాళ్లు ఆ కాయని చూడనే లేదు. చూసినా గాలికి రాలిందనుకున్నారేమో. ఆ జెండా నజ్జరేనో వాళ్లమ్మ కుట్టిందట, దళం మొదటిసారి సముద్రం దాటి వస్తోందని. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. పిల్లలు నది ఒడ్డంతా వెతికారు. ఒక పిల్ల ఏడుస్తూ నీళ్లలోకి దిగబోతే పట్టుకున్నారు.

దరింకా, టిలెన్, నజ్జరేనో ముగ్గురూ నా గుడారానికి వచ్చారు. నజ్జరేనో మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎవరైనా జెండా తెచ్చి మీకు ఇచ్చారా?” అని దరింకా అడిగింది. “ఎవరూ తెచ్చి ఇవ్వలేదు” అన్నాను. “దొంగతనం” అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను. పోలీసులకి చెప్పాలా వద్దా అని నా ముందే మాట్లాడుకున్నారు. ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఆ కాయ ఏమిటని అడిగితే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మర్నాడు పొద్దున జెండా నా గుడారంలోనే, ఆరేసిన వానకోట్ల వెనక ఉంది. నేనే మడతపెట్టి తీసుకెళ్లి దరింకా చేతిలో పెట్టాను. “ఎవరు తెచ్చారు?” అంది. “నా దగ్గరికి ఎవరూ తేలేదు” అన్నాను. ఆవిడ మళ్లీ నా భుజం తట్టింది. “నాకర్థమైందమ్మా. మీ మనవరాలు కదా. మీరేం చెప్పనక్కర్లేదు” అంది. లూద్వికా, నా జన్మలో ఎవరి మాటకీ నాకంత మంట పుట్టలేదు. నోరు తెరిచేలోపే ఆవిడ వెళ్లిపోయింది. ఆవిడ వెనక నడవడానికి నా తుంటి ఒప్పుకోలేదు.

విచారణ పెద్ద గుడారంలో జరిగింది. మన పిల్లలంతా వరసగా నిలబడ్డారు. “మేం తియ్యలేదు, మేం తియ్యలేదు” అని చిన్నది వెక్కిళ్లు పెడుతోంది. తియ్యలేదంటే తియ్యలేదు, ఆ పిల్లలు అబద్ధమాడరు. దరింకా కలీనాని అడిగింది, మీ దళంలో ఎవరు తీశారని. కలీనా, “ఆట గురించి చెప్పింది నేను. చెప్పినదానికి బాధ్యత నాది. పిల్లలది కాదు” అంది. “అయితే తీసింది నువ్వేనా?” అన్నారు. నోరు విప్పలేదు. ఇంకోసారి అడిగారు, విప్పలేదు. ఎంత మొండిదంటే, నజ్జరేనో స్వయంగా వచ్చి, “చెప్పమ్మా, నాకు కోపం లేదు” అన్నా, “క్షమించండి” అని మాత్రం అంది. నేను వెనక వరసలో లేచి నిలబడ్డాను. అది తిరిగి చూసి, మన భాషలో, అందరి ముందూ, “కూర్చో అమ్మమ్మా” అంది.

కూర్చున్నాను. నేను ఎవరో చెబితే కూర్చోవడం నా పెళ్లి తరవాత అదే మొదటిసారి.

తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ముగింపు ఊరేగింపులో మన దళం ఉండకూడదు, మర్నాడు పొద్దునే బయల్దేరాలి. నా మీద ఏ ఆరోపణా లేదు కనుక ఉండొచ్చన్నారు. టిలెన్ అయితే నా పెట్టె అందుకోబోయాడు, “మీరెందుకండీ వెళ్లడం, మీరంటే మాకందరికీ ఇష్టం” అంటూ. పెట్టె వదలమని చెప్పి బస్సెక్కాను.

దారంతా ఎవరూ పాడలేదు. పిల్లలతో బస్సు ప్రయాణం, పాట లేకుండా! ఆస్ట్రియా దాటుతుంటే చిన్నది అడిగింది, “మనల్ని నోవి సోంచ్ వాళ్లతో కలిపేస్తారా అక్కా? వాళ్ల స్కార్ఫు పచ్చది. నాకు పచ్చ బాగోదు.” కలీనా దాని జడ విప్పి మళ్లీ అల్లుతూ, “నీకు పచ్చ బాగుంటుందిలే, కళ్లకి తగ్గట్టు” అంది. ఆ పిల్ల కళ్లు గోధుమరంగు. దళం సంగతి ఏం చేస్తావని నేను అడిగితే, “నాకివ్వరులే. ఇవ్వకపోయినా తప్పు లేదు” అని కిటికీ వైపు తిరిగిపోయింది.

నియమం నాకు తెలుసు, నీకూ తెలుసు. దళంలో జరిగినదానికి దళపతిదే జవాబుదారీ. ఆ నియమం ప్రకారం నువ్వు కలీనాకి దళం ఇవ్వకపోతే నిన్ను తప్పుపట్టలేను. జరిగినవన్నీ జరిగిన వరసలో రాశాను. మిగతాది నీ విచక్షణకి వదిలేస్తున్నాను.

జెనోన్ ఏదో గొట్టం దొరికిందని అరుస్తున్నాడు. మోకాలికి చెప్పిన వ్యాయామం ఎగ్గొట్టకు.

చువాయ్ చెబుతూ,
ఫెలిత్సియా

తాజా కలం: జెనోన్‌కి దొరికిన గొట్టం సరిపోలేదు. ఇంకొకదాని కోసం వెళ్లాడు. ఈలోగా రాసినదంతా మళ్లీ చదివాను, పిల్లల సమాధాన పత్రం దిద్దినట్టు. ఒక్క వాక్యంలోనూ అబద్ధం లేదు. మొత్తం కలిపితే నిజం లేదు. ఇలాంటి పత్రానికి నేను సున్నా వేసేదాన్ని.

జెండా తీసింది నేను.

ఆ మధ్యాహ్నం కళ్లద్దాలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తున్నాను. మాల్టా వాళ్ల గుడారాలు ఖాళీ. జెండా ఒక్కటే ఎగురుతోంది. ఎవరైనా వస్తారేమోనని చాలాసేపు నిలబడ్డాను, ప్రమాణం చేసి చెబుతున్నాను. ఎవరూ రాలేదు. ముందురోజే కదా ఆట చెప్పుకున్నాం, అంతా చప్పట్లు కొట్టారు కదా అనుకున్నాను. ముడి విప్పాను. కింద దొరికిన కాయని కర్రకి కట్టాను. జెండాని వానకోటు కింద పెట్టుకుని పరిగెత్తాను. లూద్వికా, తుంటి మార్పించుకున్నాక నేను పరిగెత్తడం అదే మొదటిసారి. ఎవరికీ పట్టుబడకుండా గుడారం చేరాక పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ క్షణంలో నువ్వు పక్కన లేవే అనిపించింది.

వాళ్లొచ్చి అడిగితే వాళ్ల భాషలో ఒక పాట పాడించుకుని, మన పిల్లలతో కలిపి దుంపలు చెక్కు తీయించి, అందరికీ వేడివేడి దుంప అట్లు పోయించాలనుకున్నాను. సాయంత్రం దాకా ఎదురు చూశాను. వచ్చినవాళ్లు ఆటకి రాలేదు. నజ్జరేనో మొహం చూడగానే చెప్పేద్దామని లేచాను. ఇంతలో టిలెన్ నన్ను పట్టుకుని కూర్చోబెట్టాడు. “కంగారు పడకండమ్మా, మీకేం గుర్తులేకపోయినా పర్వాలేదు” అన్నాడు. చెబితే ఏం జరుగుతుందో అప్పుడు తెలిసింది. ఎవరూ నన్ను తిట్టరు. ‘పాపం, పెద్దావిడ, మతి తప్పింది’ అంటారు. మంచినీళ్లు ఇస్తారు. అది తలుచుకునే ‘ఎవరూ తెచ్చి ఇవ్వలేదు’ అన్నాను. ఆ మాట పడలేక నా మనవరాలిని దొంగని చేశాను.

కలీనా గిన్నెలు కడుగుతూ నేను పరిగెత్తడం చూసిందట. ఇందాక బంకు వెనక నిలదీశాను, ఎందుకు చెప్పలేదని. “చెబితే వాళ్లు నిన్ను శిక్షించరు అమ్మమ్మా, జాలిపడతారు. నువ్వది తట్టుకోలేవు” అంది. “నీ దళం పోతుందే” అన్నాను. “పోతే పోయింది. అది నువ్వు పెంచిన దళమే కదా” అంది. చెంప పగలగొడదామని ఎత్తిన చెయ్యితోనే దాని స్కార్ఫు ముడి సరిచేశాను.

దీని నకలు దరింకాకి, నజ్జరేనోకి పంపుతున్నాను. నజ్జరేనో వాళ్లమ్మకి విడిగా రాస్తాను. కలీనా తన దళాన్ని కాపాడింది, తను కాపాడనక్కర్లేనిదాన్నీ కాపాడింది. దళం దానికివ్వు. ఇది సిఫారసు కాదు, సాక్ష్యం.

ఇక నా సంగతి. నా మీద విచారణ జరిపించు. పేరు కొట్టేయాల్సి వస్తే కొట్టేయి. కానీ కారణం రాసేచోట ‘వయోభారం వల్ల’ అని రాశావో, మన స్నేహం అక్కడితో సరి. తెలిసి తీసింది, ఇష్టపడి తీసింది, పరిగెత్తి మరీ తీసుకుపోయింది అని రాయి.

— ఫె.